అపా ఆంటీ

కిందటి మార్చిలో ఒక ఉదయం ఫ్రీమాంట్‌లో రైలెక్కి ఆఫీసుకి వెళుతుంటే ప్లేనో నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు వినగానే గుర్తుపట్టాను. మేము టెక్సస్‌లో ఉన్న రోజుల్లో నా జాకెట్లు సరిచేసి ఇచ్చిన కిర్గిజ్ ముసలామె కూతురు. "అమ్మ పోయింది. నిద్రలోనే. నలభయ్యో రోజున భోజనం పెడుతున్నాం, వస్తావా?" అంది. అంతే మెసేజ్. దాన్నే మూడుసార్లు విన్నాను. స్పీకర్‌లో వింటున్నానన్న సంగతి పక్క సీటాయన చూపు చూశాక కానీ తెలియలేదు.

ఆవిడను మేమంతా 'అపా ఆంటీ' అనేవాళ్ళం. అపా అంటే వాళ్ళ భాషలో అమ్మ అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఏళ్ళ తరబడి ప్లేనోలోని తెలుగు ఆడవాళ్ళందరం కలిసి ఒక పెద్దామెను 'అమ్మ ఆంటీ' అని పిలిచామన్నమాట. ఆవిడ ఒక్కసారి కూడా దిద్దలేదు.

ఇండియన్ గ్రాసరీకీ డోనట్ షాపుకీ మధ్య ఇరుకు గది ఆవిడ దుకాణం. ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, అదీ పని. గ్రాసరీకి వచ్చిన మావాళ్ళు ఎవరో ధైర్యం చేసి జాకెట్ తీసుకెళ్ళారు. అక్కడి నుంచి మొదలు. నేను మొదటిసారి వెళ్ళింది పెళ్ళినాటి పట్టు జాకెట్ వదులు చేయించుకోవడానికి. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది.

"ఎవరిది? పాపదా?"

"నాదే."

నన్ను చూసింది. జాకెట్‌ని చూసింది. "మంచిది. మనిషి ఎదిగింది," అంది చాలా గంభీరంగా.

ఆవిడ ఇంగ్లీషు అలా ఉండేది. ఒక్కో వాక్యంలో రెండు మూడు మాటలు. అవి కూడా కోసి బల్ల మీద పెట్టినట్టు.

తర్వాత బట్టల గుట్టలో దేనికోసమో వెతుకుతూ తనలో తాను "కైచి, కైచి" అనుకుంది. నా ముందు చీర కింద నుంచి కత్తెర మొన కనబడుతోంది. మా నల్లగొండ దర్జీలు కత్తెరను కైంచి అంటారు. తీసి ఇస్తూ "కైంచి" అన్నాను. ఆవిడ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నువ్వు కిర్గిజ్?"

"కాదు. తెలుగు."

"కైచి?"

"కైంచి."

అప్పుడు నవ్వింది. పైవరసలో రెండు బంగారు పళ్ళు. ఇక జాకెట్ సంగతి పక్కన పెట్టేసింది. కప్పు చూపించి చాయ్ అంది, నేనూ చాయ్ అన్నాను. రొట్టె చూపించి నాన్ అంది. నేనూ అంతే. పుస్తకం చూపించి కితెప్ అంటే నేను కితాబ్ అన్నాను. చెయ్యి నాలుగు గోడల చుట్టూ తిప్పి "దూకోన్" అంది. "దుకాణం!" అని అరిచాను. పక్కన డోనట్లు కొంటున్నవాళ్ళు అద్దంలోంచి తొంగిచూశారు. ఆ వేళ నేను కొలతలు ఇవ్వకుండానే ఇంటికొచ్చేశాను.

ఆవిడ టేపు మెడలో వేసుకునేది కానీ వాడేది తక్కువ. బొటనవేలు నుంచి నడివేలు దాకా జాన చాచి మన భుజం కొలిచేసేది. కుట్టడం పూర్తయ్యాక ఆ బట్ట మీద అరచేత్తో రెండుసార్లు గట్టిగా తట్టేది, గుర్రం మెడ తట్టినట్టు. మిగిలిన ముక్క ఏదీ పారేసేది కాదు. కంచిపట్టు, పోచంపల్లి, జీన్సు ప్యాంటు కాళ్ళు అన్నీ ఒక సంచిలోకి పోయేవి. మాలో ఎవరికైనా కాన్పయిందని తెలిస్తే ఆ ముక్కలు ముక్కోణాలుగా కలిపి కుట్టిన చిన్న బొంత తయారయ్యేది. నాకు తెలిసి ప్లేనోలో పదిమంది తెలుగు పిల్లలు ఆ బొంతల్లో పొర్లాడారు.

ఇంకొకటి, రొట్టె. ఎంత తొందరలో ఉన్నా చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకోకుండా గడప దాటనిచ్చేది కాదు. "డైట్‌లో ఉన్నాను అపా ఆంటీ" అంటే, "డైట్ తర్వాత. ముందు రొట్టె," అనేది. రొట్టె బోర్లా పెడితే మాత్రం ఊరుకునేది కాదు. తిప్పి, సరిగ్గా పెట్టి, మనల్ని ఒక చూపు చూసేది. కింద పడిన మెతుకుని కళ్ళకద్దుకునే మా నాయనమ్మ ముఖంలో ఆ చూపు చూశాను.

ఒకరోజు నా వెనక నిలబడి వీపు కొలుస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"నీ ఏడుగురు తండ్రులు చెప్పు."

"ఏడుగురా? ఒక్కడే ఆంటీ!"

ఆవిడ నవ్వలేదు. తన వేళ్ళు ముడుస్తూ తన తండ్రి పేరు, తాత పేరు, ఆయన తండ్రి పేరు, అలా ఏడు పేర్లు ఊపిరి తీసుకోకుండా చెప్పింది. వాళ్ళలో పిల్లలకు మాటలు రాగానే నేర్పేది ఇదేనట. ఏడు తరాలు తెలియనివాడిని బానిస అంటారట.

మా దగ్గర కూడా ఏడు తరాల మాట ఉందని గొప్పగా చెప్పాను. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారని చెప్పాను. "చెప్పు మరి," అంది. నాన్న పేరు చెప్పాను. తాత పేరు చెప్పాను. ముత్తాత పేరు రామచంద్రయ్యో రామలింగయ్యో గుర్తు రాలేదు. పైగా ఒక సందేహం వచ్చింది.

"పెళ్ళయింది కదా. నా ఇంటిపేరు మారింది. నేను చెప్పాల్సింది మావాళ్ళనా, మా ఆయనవాళ్ళనా?"

ఆవిడ నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. "పెళ్ళయితే తండ్రులు మారతారా?" అంది.

ఆ ఆదివారం నల్లగొండకి ఫోన్ చేసి మా పెదనాన్న కొడుకుని నిద్రలేపాను. ఆయన ఇంకెవరికో చేశాడు. నెల తిరిగేసరికి ఆరు పేర్లు వచ్చాయి. ఏడోది ఎవరికీ తెలియదు. వెళ్ళి ఆరూ అప్పజెప్పాను. "ఆరు," అంది ఆవిడ, పరీక్షలో ఒక్క మార్కుతో తప్పిన పిల్లతో మాట్లాడినట్టు. అయినా ఆరోజు రొట్టెతో పాటు ఆప్రికాట్ జామ్ పెట్టింది.

"అసలు మీవాళ్ళు ఎక్కడివాళ్ళు ఆంటీ?" అని నేను అడిగాను అప్పుడే. ఆవిడ ఎవరిదో నల్ల బ్లేజర్ లోపలివైపు తిప్పి బల్ల మీద పరిచి, సుద్దముక్కతో గీత గీసింది. పైన ఎక్కడో చలిదేశంలో ఒక పెద్ద నది. దాన్ని వాళ్ళు ఎనె-సాయ్ అంటారట, తల్లినది అని అర్థం. ఎప్పుడో తాతల తాతల కాలంలో అక్కడి నుంచి దక్షిణంగా కొండల్లోకి కదిలారు. సుద్ద బ్లేజర్ భుజం నుంచి జేబు దాకా నడిచింది. కిర్క్ అంటే నలభై. నలభై తెగలు కలిసిన జనమని చెప్పుకుంటారు. ఎండాకాలం కొండ మీదికి, చలికాలం లోయలోకి, ఇంటిని గుర్రాల మీదా ఒంటెల మీదా కట్టుకుని తిరిగారు. రష్యావాళ్ళొచ్చారు. తర్వాత సోవియట్లొచ్చి అందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. "మా నాన్న ఉన్ని నమ్దా గుడారంలో పుట్టాడు. నేను నీలం కిటికీల ఇంట్లో," అంది. రాజధానిలో బట్టల ఫ్యాక్టరీలో ఆవిడ కుట్టేది. దేశం పోయింది, ఫ్యాక్టరీ పోయింది, కుట్టుమిషన్ మిగిలింది. కూతురికి లాటరీలో గ్రీన్ కార్డు వచ్చింది.

"లాటరీలోనా!" అన్నాను. మా ఆయన గ్రీన్ కార్డు లైన్లో అప్పటికి పన్నెండేళ్ళుగా నిలబడి ఉన్నాడు. మనవాళ్ళకు ఆ లాటరీ లేదు.

"అవును. టికెట్ మంచిది," అని సుద్దగీతలన్నీ అరచేత్తో తుడిచేసి, బ్లేజర్‌ని రెండుసార్లు తట్టింది.

ఆ మరుసటేడు ప్లేనోలోనే ఇల్లు కొన్నాం. గృహప్రవేశానికి పిలిస్తే తెల్ల రుమాలు తలకు కట్టుకుని వచ్చింది. పాలు పొంగుతుంటే శ్రద్ధగా చూసింది. మా ఆయన నాలుగు బెడ్‌రూములు, గరాజ్, గ్రానైట్ వంటగట్టు అన్నీ తిప్పి చూపించాడు. చివరికి "ఎలా ఉంది ఆంటీ?" అని అడిగాడు.

ఆవిడ గోడ మీద వేళ్ళతో కొట్టి చూసి, "చాలా బరువు," అంది. "దీనికి ఎన్ని ఒంటెలు కావాలి?"

అందరూ పకపకా నవ్వారు. మా ఆయన మాత్రం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

ఏడాదిన్నర గడిచింది. ఒక మంగళవారం పొద్దున్న పదిన్నరకి ఆయన ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల వీడియో కాల్, అంతే. నాది ఆయన మీద ఆధారపడిన వీసా. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ తీసుకోకపోతే దేశం వదిలి వెళ్ళాలి. మా అమ్మాయి మేఘన అప్పుడు టెన్త్ గ్రేడ్. ఇక్కడే పుట్టింది. దాన్ని ఏ కాలేజీలో, ఏ ఊళ్ళో, ఏ భాషలో చేర్చాలో ఆలోచించే ధైర్యం మాకు లేదు. ఎవరికీ చెప్పుకోలేదు. గుడికి వెళ్ళడం మానేశాం, ఎవరైనా "ఏంటి సంగతులు" అని అడుగుతారని.

పద్దెనిమిదో రోజున కుట్టడానికి ఇచ్చిన లంగా తెచ్చుకుందామని దుకాణానికి వెళ్ళాను. ఆవిడ రొట్టె ముందుకు జరిపింది. తుంచాను. ఏడ్చేశాను. ఆవిడ లేచి తలుపుకి వేలాడే బోర్డుని 'మూసి ఉంది' వైపు తిప్పి వచ్చి కూర్చుంది.

"ఎన్ని రోజులు?" అని అడిగింది, విషయం చెప్పాక.

"అరవై. పద్దెనిమిది అయిపోయాయి."

"మావాళ్ళకు ఒక్క రాత్రి," అంది.

ఆవేళ చెప్పింది వాళ్ళ నాయనమ్మ సంగతి. మొదటి ప్రపంచయుద్ధం కాలం. యుద్ధంలో చాకిరీకి మగవాళ్ళను పంపమని రష్యా చక్రవర్తి హుకుం. జనం తిరగబడ్డారు. సైన్యం వచ్చింది. ఊళ్ళు కాలాయి. సరస్సు ఒడ్డునున్న వాళ్ళ జనమంతా కట్టుబట్టలతో, మందలతో, మంచుకొండల మీదుగా చైనా వైపు పరిగెత్తారు. ఆ పారిపోవడాన్ని వాళ్ళు ఉర్కున్ అంటారు. నాయనమ్మకి అప్పుడు పదేళ్ళు. చెల్లెలికి నాలుగు. తల్లి చేతుల్లో పసివాడున్నాడు. అందుకని చెల్లెల్ని శాలువాతో నాయనమ్మ వీపుకి కట్టారు.

"తల్లి చెప్పింది, పిల్లని నిద్రపోనీకు. మాట్లాడించు. చలిలో నిద్రపోతే లేవదు," అంది అపా ఆంటీ. "ఏం మాట్లాడాలి? పదేళ్ళ పిల్ల. వచ్చింది చెప్పింది. ఏడుగురు తండ్రులు. అక్క ఒక పేరు, చెల్లి ఒక పేరు. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి."

కనుమ పైకి వచ్చేసరికి ఒకచోట అక్క పేరు చెప్పింది, చెల్లి చెప్పలేదు. అక్క మళ్ళీ చెప్పింది. తర్వాత చెల్లి వంతు కూడా తనే చెప్పుకుంటూ నడిచింది. ఎవరితోనూ అనలేదు. అంటే మంచులో దించేయమంటారు. రెండు రోజులు అలాగే మోసింది. అవతలి లోయలో దిగాక తల్లి శాలువా విప్పింది.

అపా ఆంటీ ఇదంతా చెప్పేటప్పుడు ఒక చొక్కాకి గుండీలు కుడుతూనే ఉంది.

"ఆ చెల్లి పేరు నాకు పెట్టారు," అంది. దారం పంటితో తెంపింది. "నాయనమ్మ నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. పెట్టింది తనే. పిలవలేదు."

అందుకే ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు.

నన్ను ఓదార్చడానికి ఒక్క మాట కూడా అనలేదు. మిగిలిన నలభై రెండు రోజుల్లో ఏం చేయాలో అడిగింది. "నీ భర్త ట్రక్ తోలతాడా? మా అల్లుడికి డ్రైవర్ కావాలి," అంది. మా ఆయన పార్కింగ్‌లో కారు రివర్స్ చేయాలంటేనే నన్ను దిగి చూడమంటాడు. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. వీసా అందుకు ఒప్పుకోదని చెప్పాను. "వీసా తెలివితక్కువది," అంది. వెళ్ళేటప్పుడు నా చేత రొట్టె తినిపించే పంపింది.

యాభై రెండో రోజున ఉద్యోగం దొరికింది, కాలిఫోర్నియాలో. ఇల్లు అమ్మకానికి పెట్టాం. ప్యాకింగ్‌కి అపా ఆంటీ పిలవకుండానే వచ్చింది. హాల్లో అట్టపెట్టెల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, "ఒక ఒంటె. రెండు గుర్రాలు. అంతే అనుకో. చూపించు," అంది. మేఘన తన ట్రోఫీల పెట్టె తెచ్చింది.

"ఇది ఏమిటి?"

"పార్టిసిపేషన్ ట్రోఫీ. అందరికీ ఇస్తారు," అంది మేఘన.

"అందరి దగ్గరా ఉంది. అయితే వదులు."

"అమ్మా, షీ ఈజ్ సో సావేజ్!" అంది అది. కానీ పెట్టె తీసుకెళ్ళి డొనేషన్ సంచిలో పెట్టింది. నేను ఆరేళ్ళుగా బతిమాలినా జరగని పని. మధ్యాహ్నానికి మా ఇల్లు సగమైంది. నా పట్టుచీరలు మాత్రం తనే ఒక్కొక్కటీ చుట్టి పెట్టింది. వెళ్ళేముందు మా ముగ్గురినీ నిలబెట్టి, అరచేతులు తెరిచి, వాళ్ళ భాషలో ఏదో చెప్పి, చేతులతో ముఖం తుడుచుకుని "ఓమిన్" అంది. మా ఆయనా తుడుచుకున్నాడు. ఆవిడని చూడటం నాకదే ఆఖరుసారి. తర్వాత ఫోన్లో మాట్లాడేవాళ్ళం. ఆవిడ ఫోన్లో మరీ తక్కువ మాట్లాడేది. "తిన్నావా? మంచిది," అని పెట్టేసేది.

నలభయ్యో రోజుకి ప్లేనో వెళ్ళాను. కూతురి అపార్ట్‌మెంట్ నిండా వాళ్ళ జనం. నేల మీద బొంతలు పరిచి, వేయించిన పిండి బిళ్ళలు, పులావ్, టీ వడ్డించారు. ఒక పెద్దాయన ప్రార్థన చదివాడు. భోజనాలయ్యాక కూతురు నన్ను పక్కకి పిలిచింది. ఆమె ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తుంది, నాకన్నా రెండు మూడేళ్ళు పెద్ద.

"నెలాఖరుకి దుకాణం ఖాళీ చేయాలి. బట్టలు మిగిలాయి. ఎవరివో నాకు అర్థం కావడం లేదు. అమ్మ పేర్లు రాయలేదు, ఫోన్ నంబర్లు రాయలేదు," అంది.

దుకాణానికి వెళ్ళాం. రాడ్‌కి ముప్పై దాకా జాకెట్లు, లంగాలు, చుడీదార్లు. ఒక్కోదానికి గుండుసూదితో గుచ్చిన చీటీ. మా పేర్లు ఆవిడ నోటికి తిరిగేవి కావు. శ్రీలక్ష్మికీ విజయలక్ష్మికీ తేడా తెలిసేది కాదు. అందుకని కిర్గిజ్‌లో తనకు తోచింది రాసుకుంది. కూతురు ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే నేను గుర్తుపట్టాలి.

"గట్టిగా నవ్వుతుంది."

"అది మా సుజాత. గుడి వెనక కాలనీ."

"భర్త కారులో కూర్చుంటాడు."

"కాపెల్ నుంచి వచ్చే లలిత గారు."

"కొలత అబద్ధం చెబుతుంది. ఒక జాన కలుపు."

ఆమె ఎవరో తెలుసు కానీ ఇక్కడ చెప్పను.

"మూడోది కూడా ఆడపిల్ల. సంతోషంగా ఉంది. బొంత ఇవ్వాలి."

ఇలా సాగింది. కూతురు నవ్వుతూ మొదలుపెట్టి చీటీలు సగమయ్యేసరికి కుర్చీలో కూలబడింది. "అమ్మకి ఇక్కడ ఎవరూ తెలియరనుకున్నాను. ఇంటికొచ్చి ఏమీ మాట్లాడేది కాదు," అంది.

రెండు రోజులు అద్దె కారులో ఇద్దరం తిరిగి బట్టలన్నీ అందజేశాం. ఒక్క జాకెట్ మిగిలింది. మామిడిపండు రంగు, కొత్త గుడ్డ. చీటీ మీద "చాలా మాట్లాడుతుంది" అని ఉంది. మావాళ్ళలో అలాంటివాళ్ళు కనీసం పదిహేనుమంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను, ఎవరిదీ కాదు. చివరికి ఫోటో తీసి ప్లేనో ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంట తర్వాత ఎవరో రాశారు: "గ్రాసరీ వెనక అపార్ట్‌మెంట్స్‌లో శ్రావణి అని కొత్తగా వచ్చిన అమ్మాయిదిలా ఉంది అక్కా. కానీ తను అసలు మాట్లాడదు."

వెళ్ళి తలుపు కొట్టాం. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తలుపు సగమే తెరిచింది. జాకెట్ చూపించాను.

"నాదే ఆంటీ. షాప్ క్లోజ్ ఉంది కదా అని..." అని ఆగిపోయింది. మళ్ళీ తనే నెమ్మదిగా, "ఊరెళ్ళారేమో అనుకున్నాను. రోజూ వెళ్ళి చూసి వస్తున్నా," అంది.

చెప్పాను. ఈమె ఆవిడ కూతురని కూడా చెప్పాను. ఆ పిల్ల వెనక్కి రెండడుగులు వేసి కార్పెట్ మీద కూర్చుండిపోయింది. మేమే లోపలికి వెళ్ళి తలుపు వేశాం. కాసేపటికి చీటీ తీసి దాని అర్థం చెప్పాను.

"చాలా మాట్లాడుతుందనా? నేనా?" అంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుండగానే నవ్వింది. "మా ఆయన నాకు నోరే లేదంటాడు ఆంటీ."

"ఆమెతో ఎలా మాట్లాడావమ్మా? నీకు ఇంగ్లీష్ వచ్చా?"

"సరిగా రాదు. అందుకే తెలుగులోనే చెప్పేదాన్ని. ఆయన పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళిపోతారు, నాకు డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్ళి అక్కడ కూర్చునేదాన్ని. నేను మా ఖమ్మం సంగతులు చెబితే ఆవిడ వాళ్ళ భాషలో ఏదో చెప్పేది. మధ్యాహ్నం దాకా అలా..."

ఇక ఆగలేదు. వాళ్ళ నాన్న మిరపచేను, చెల్లి డిగ్రీ, విమానంలో పోయిన పెట్టె, అత్తగారి ఫోన్లు, ఇక్కడి ఆకాశం మరీ పెద్దగా ఉండటం, ఒకదాని మీద ఒకటి వచ్చేస్తున్నాయి. చెబుతున్నది నాకు కాదు. అపా ఆంటీ కూతురి వైపు తిరిగి చెబుతోంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదని నేను ఇంగ్లీషులోకి మార్చబోయాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. కార్పెట్ మీద శ్రావణి ఎదురుగా కూర్చుంది. పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కిర్గిజ్‌లో ఏదో అంది. శ్రావణి తల ఊపి మళ్ళీ అందుకుంది.

నేను లేచి వంటగదిలోకి వెళ్ళి, గిన్నెలు ఎక్కడున్నాయో వెతుక్కుని ముగ్గురికీ టీ పెట్టాను.